ఏతం వ్యాసం మీద నా అభ్యంతరాలు

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి పుదుచ్చేరిలో సర్కారు ఆఫీసు నుంచి. యానాం జనం కోసం ఇంగ్లీషు ఉత్తర్వులను తెలుగులోకి దించే అనువాదకురాలిగా చేరి, అదే కుర్చీలోంచి లేచాను. దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టారు. రెండోసారి ఎవరూ దండ వెయ్యలేదు. అది ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు సరిచూసే పని. జీతం లేదు, సెలవు లేదు, నెత్తి మీద అధికారి లేడు. నన్నడిగితే, నేను మనసు పెట్టి చేసిన ఉద్యోగం అదే.

ఈ మధ్య ఆ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు "మేడమ్, వ్యాసాన్ని ఎలా సరిచూడాలి?" అని అడుగుతున్నారు. నియమాలన్నీ అక్కడే రాసి ఉన్నాయి కదా, చదువుకోండి. నేను చెప్పేది వాటిలో లేని సంగతి. రెండువేల దశకం మధ్యలో నా చేతికి వచ్చిన ఒక వ్యాసం గురించి, దాన్ని రాసిన మనిషి గురించి, ఆయన మీద నాకున్న కుళ్ళు గురించి చెబుతాను. మామూలు కుళ్ళు కాదు. అన్నం సయించని కుళ్ళు. ఇప్పటికీ తగ్గలేదు. తగ్గిందని చెప్పి మంచిదాన్ని అనిపించుకోవాలని నాకేమీ లేదు.

ఇంగ్లీషులో ఎక్కడుంది?

ముందు ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. మా సెక్షన్‌కి పెద్దగా ఒక తమిళాయన ఉండేవారు. యానాంలో పనిచేసిన రోజుల్లో తెలుగు నేర్చుకున్నారు. నేను అనువాదం తీసుకెళ్ళి బల్ల మీద పెడితే, తెలుగు వాక్యం మీద ఒక వేలు, ఇంగ్లీషు వాక్యం మీద ఇంకో వేలు పెట్టి, రెండింటినీ కలిపి కిందికి జరుపుకుంటూ వచ్చేవారు. ఎక్కడైనా తెలుగు వేలు ముందుకెళ్ళి, ఇంగ్లీషు వేలు ఆగిపోయిందా, ఇక నా పని అయిపోయిందన్నమాటే.

ఒకసారి కుళాయి నీళ్ళ నోటీసులో "దయచేసి" అని ఒక మాట చేర్చాను.

"ఇది ఇంగ్లీషులో ఎక్కడుందమ్మా?"

"లేదు సార్. ఉంటే మర్యాదగా ఉంటుందని..."

"మర్యాద సంగతి సర్కారు చూసుకుంటుంది. నువ్వు తీసెయ్."

తీసేశాను. అలా ఎన్ని మాటలు తీసేశానో నాకే తెలియదు. ఆయన నాకు నేర్పిన విద్య గొప్పది, కాదనను. మూలంలో లేని మాట కాగితం మీద కనిపిస్తే నాకు ఈ రోజుకీ ఒళ్ళు జలదరిస్తుంది. విజ్ఞాన సర్వస్వంలో కావలసింది సరిగ్గా అదే. "అతి ప్రాచీనమైన" అని రాస్తారు, ఎవరు తేల్చారు? "ప్రసిద్ధి చెందిన" అంటారు, ఎవరి దగ్గర? "అని పెద్దలు అంటారు" అని ముగిస్తారు, ఏ పెద్దలు, ఏ పుస్తకంలో? పుదుచ్చేరి పక్కన మురుంగపాక్కంలో మట్టిబొమ్మలు చేస్తారని ఎవరో రాసి, దాని ముందు "ప్రపంచ ప్రఖ్యాత" అని తగిలిస్తే, ఆ రెండు మాటలూ పీకి బొమ్మల్ని మాత్రం ఉంచాను. నా చేతికిది అలవాటైపోయింది.

కానీ ఆ విద్య నా దగ్గర్నుంచి ఒకటి పట్టుకుపోయింది. నేను రాసిన వాక్యంలో తప్పుండదు, రుచీ ఉండదు. యానాం మీద వ్యాసం మొదలుపెట్టింది నేనే. "యానాం గోదావరి ఒడ్డున ఉన్న పట్టణం" అని రాశాను. పుట్టి పెరిగిన ఊరు, మా అమ్మా నాన్నల ఊరు. దాని గురించి నా చేతికి వచ్చింది ఆ వాక్యమే. వ్యాసం కింద చర్చా పేజీలో ఒక్కరూ ఒక్క మాట రాయలేదు.

పంపుసెట్ల వరదరాజులు

అలాంటి రోజుల్లో ఒకనాడు పుదుచ్చేరిలో సారం అనే పేటలో మా ఇంటి దగ్గరి బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని, కొత్తగా వచ్చిన మార్పులు చూస్తున్నాను. అప్పటికి ఇంట్లో కంప్యూటర్ కొనలేదు. పంపుసెట్టు అనే వ్యాసంలో ఎవరో ఒక వాక్యం చేర్చారు: "పంపుసెట్టు వచ్చాక బావికి మనిషి గొంతు వినబడడం మానేసింది."

నేను అలాగే కూర్చుండిపోయాను. ఓరి నాయనో, ఎవడ్రా వీడు అనుకున్నాను. బావికి వినబడడం ఏమిటి, బావికి చెవులున్నాయా? విజ్ఞాన సర్వస్వంలో ఇలా రాయవచ్చా? రాయకూడదు. మరి నేనెందుకు దాన్ని మూడుసార్లు చదివాను? వెంటనే ఆ వాక్యం పక్కన "ఆధారం కావాలి" అని గుర్తు పెట్టాను. అలా పెట్టినప్పుడు నా చెయ్యి కొంచెం విసురుగానే ఆడింది.

మర్నాటికి చర్చా పేజీలో జవాబు వచ్చింది. "నాకు కోసపాళయంలో పంపుసెట్టు అంగడి ఉండాది. ఆధారం నేనే. కాఫీకి రండి. కె. వరదరాజులు."

చూసొద్దామని వెళ్ళాను. అంగడి నిండా మోటార్లు, పైపులు, గ్రీజు వాసన. మధ్యలో వేలికి ఉంగరం, నోటినిండా నవ్వు, వీధి చివరికి వినబడే గొంతుతో ఆయన. వాళ్ళ కుటుంబం తరతరాలుగా మురుంగపాక్కం వైపు వ్యవసాయం చేసిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బిల్లు ఇంగ్లీషులో. నన్ను చూడగానే "రండక్కా, రండి! ఆ చీటీ అతికించింది మీరే కదా?" అని కుర్చీ తుడిచి వేశారు.

మాట్లాడుతూనే కంప్యూటర్ దగ్గర ఏదో కొడుతున్నారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెర మీద తెలుగు అక్షరాలు పడే ఏర్పాటు అప్పుడప్పుడే వచ్చింది. ఆయన మాత్రం తెర వైపు చూడడం లేదు.

"ఏం పడిందో చూసుకోరా?" అన్నాను.

"చూస్తే నాకేం తెలుస్తాదక్కా? నాకు తెలుగు చదవను రాదు. బళ్ళో అంతా తమిళమే."

నేను నిర్ఘాంతపోయాను. ఆయన లోపలికి తిరిగి "సరోజా!" అని కేక వేశారు. ఆయన భార్య సరోజిని వచ్చింది. మా యానాం వైపు అమ్మాయి, పెళ్ళయి ఇక్కడికొచ్చింది. తెర ముందు నిలబడి, ఆయన కొట్టిందంతా పైకి చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఒకచోట చెయ్యెత్తి ఆపారు.

"ఆడ తట్టుకుంటా ఉండాది. 'నీటిని పైకి తెచ్చే' అనొద్దు, 'నీళ్ళు తోడే' అని పెట్టు. ఊఁ, మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. "ఇప్పుడు సరి" అన్నారు.

ఆయన పద్ధతి అంతే. చెవిలో పడి సాఫీగా పోతే ఉంచుతారు, తట్టుకుంటే మారుస్తారు. అచ్చు పుస్తకాలైనా అంతే. సరోజిని చదువుతుంది, ఆయన వింటారు, విన్నది రాస్తారు. ఆ సాయంత్రం సారం దాకా నడిచి వచ్చాను. దారంతా నాలో నేనే తగువు. పలక పట్టిన రోజు నుంచి తెలుగు అక్షరాలు దిద్దినదాన్ని నేను. తెలుగుతోనే అన్నం తిన్నదాన్ని నేను. ఒక్క అక్షరం గుర్తుపట్టలేని మనిషి రాసిన వాక్యం ఊపిరి పీలుస్తోంది, నాది బల్ల మీద పడుకుని ఉంది. ఇదేం న్యాయమండీ? నాకు ఏడుపొచ్చింది, ఏడవలేదు, ఇంటికొచ్చి చారు పెట్టుకున్నాను.

నన్నే కావాలన్నాడు

తరవాత కొన్ని నెలలకు ఆయన ఏతం మీద వ్యాసం రాశారు. ఏతం అంటే బావిలోంచి నీళ్ళు తోడే పాతకాలపు సాధనం. పొడుగాటి దూలం మీద ఒకరో ఇద్దరో అటూ ఇటూ నడుస్తుంటే బాన బావిలోకి దిగి, నిండి, పైకి వస్తుంది. బావి అంచున బాన పట్టుకున్నవాడు పాట పాడతాడు. ఎన్ని బానలు తోడారో ఆ పాటతోనే లెక్క. ఏతాలను మూలపడేసిన పంపుసెట్లు అమ్మే మనిషి ఏతం మీద రాయడం చూసి మొదట నవ్వుకున్నాను. వ్యాసం చదివాక నవ్వు పోయింది.

దాన్ని మొదటి పేజీలో పెట్టించాలని ఆయన కోరిక. అక్కడ పెట్టే వ్యాసాన్ని ఎవరో ఒకరు మూలాలతో సహా వాక్యం వాక్యం సరిచూసి ఒప్పుకోవాలి. హైదరాబాదులో ఉండే నిర్వాహకుడు నాకు ఉత్తరం రాశాడు. "వరదరాజులు గారు మీరే చూడాలంటున్నారండి. ఆయన వ్యాసాల మీద మీరు పెట్టినన్ని అభ్యంతరాలు ఇంకెవరూ పెట్టలేదని చెప్పాను. అయినా మీరే కావాలట."

నాకూ అర్థం కాలేదు. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకోను? దొరికాడు అనుకున్నాను.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. వ్యాసం మీద ఇష్టం ఉన్నవాళ్ళు మూలాన్ని తెరవరు. కింద పుస్తకం పేరుంది, పేజీ నంబరుంది, బాగుంది అని తల ఊపుతారు. రాసినవాడంటే గిట్టనివాళ్ళు కూడా తెరవరు, వాళ్ళకు తిట్టడానికి తీరికే సరిపోతుంది. కుళ్ళు ఉన్నవాళ్ళు తెరుస్తారు. ఇంత బాగా ఎలా రాశాడు, ఎక్కడో తప్పు చేసే ఉంటాడు అని ప్రతి పేజీ తిరగేస్తారు. నేను ఏతం వ్యాసం కోసం తిరిగినంతగా మరే వ్యాసానికీ తిరగలేదు.

ఆ వ్యాసానికి గుండెకాయ లాంటి వాక్యం ఒకటుంది. పుదుచ్చేరి చుట్టుపక్కల తెలుగు రైతులు ఏతం తోడుతూ తెలుగులోనే పాడుకునేవారని. ఆ వాక్యం మీదే ఆయన మిగతాదంతా కట్టారు. దానికి మూలంగా పొలం పాటల మీద వచ్చిన ఒక పాత పుస్తకం పేరు, పేజీ ఇచ్చారు. ఆ పుస్తకం ఊళ్ళో తెలుగువాళ్ళు కూడే సంఘం గదిలో, అద్దాల బీరువాలో ఉంది. తాళంచెవి ఉన్నాయన ఊళ్ళో లేడన్నారు. వచ్చేదాకా తిరిగాను. తెరిపించాను. ఆయన చెప్పిన పేజీ తీశాను.

ఉంది. ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాల పొలాల్లో ఏతం పాటలు వినబడేవని ఆ పేజీలో స్పష్టంగా ఉంది. నా ముఖం వాడిపోయే ఉంటుంది. పుస్తకం మూసేయబోయి, ఎందుకో పక్క పేజీ తిప్పాను.

పక్క పేజీలో ఉన్నది ఇది. ఆ పొలాల్లో ఏతం తోడినవాళ్ళూ పాడినవాళ్ళూ కూలివాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది తమిళులు, పాటలూ ఎక్కువగా తమిళమే. పొలం ఉన్న తెలుగువాళ్ళు గట్టు మీద నిలబడేవాళ్ళు.

నా సంతోషం ఏమని చెప్పను! బీరువా ముందు నిలబడి పెద్దగా "హమ్మయ్య" అన్నాను. తాళంచెవి ఆయన ఏమైందమ్మా అని కంగారుపడ్డాడు. పుస్తకం అడిగి తీసుకుని, తిన్నగా బ్రౌజింగ్ సెంటర్‌కి వెళ్ళి చర్చా పేజీలో అభ్యంతరం రాశాను. వ్యాసం చెప్పేదానికి మూలం పక్క పేజీలోనే ఎదురు చెబుతోందనీ, వ్యాసకర్త సగమే వాడుకున్నారనీ, ఇది సరిదిద్దేదాకా మొదటి పేజీకి ఒప్పుకోననీ. ఆ అభ్యంతరం నా జీవితంలో నేను రాసిన అన్నిటికన్నా బాగా కుదిరింది.

తాత పాట

"అక్కా, ఇంట్లోనే ఉండండి, వస్తా ఉండా" అని ఒక్క వాక్యం జవాబు. ఆదివారం పొద్దున్నే వచ్చేశారు, వెనకాల సరోజిని. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టారు.

"ఏందక్కా ఇది? మా తాత పాడలేదంటారా? నేను చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూచుని ఇన్నా! ఏతం పాట, పాటంతా ఇన్నా!"

"కూర్చోండి ముందు."

"కూచోను. నాకు దగా చేసే పని ఏముండాది? మా తాత పాట కోసరమే రాసినా ఆ వ్యాసం. ఆయన ఫోటో కూడా లేదు మా ఇంట్లో. ఉండేది ఆ పాట ఒక్కటే."

కోపం అనుకున్నాను, కాదు. నేను మెత్తబడలేదు. మెత్తబడితే ఆ పని చెయ్యకూడదు.

"మీ తాతగారు పాడగా మీరు విన్నారు. సరే. ఎక్కడ విన్నారు? బావి దగ్గరా?"

"బావి దగ్గర..." అని ఆగిపోయారు. "లేదు. ఇంట్లో. తిన్నె మీద. తినేసినాక."

"దూలం మీద నడుస్తూ ఆయన్ని ఎప్పుడైనా చూశారా?"

ఆయన వేలి ఉంగరం తిప్పుకోవడం మొదలుపెట్టారు.

"పాట తెలుగేనా?"

"తెలుగే... ముందు తెలుగే. లెక్క వచ్చే కాడ మాత్రం తమిళం." అది చెబుతూ ఉండగానే ఆయనకు తెలిసిపోయింది. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. భార్య వైపు తిరిగారు. "సరోజా, ఆ పక్క పేజీ నువ్వు చదవలా?"

సరోజిని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "చదివానండీ. మీకు వినిపించలేదు."

"ఎందుకే?"

"మీ తాతగారి మాట వస్తే మీరు చిన్నపిల్లాడైపోతారు. ముందు పేజీ చదువుతుంటే ఎంత సంబరపడ్డారో మీకు కనబడదు, నాకు కనబడింది. ఆ తరవాత ఇది ఎలా చదవనండీ? నాకు నోరు రాలేదు."

ఇదీ సంగతి. కళ్ళతో చదివేవాడికి ఈ పొరపాటు జరగదు. పేజీ తిప్పితే కనిపిస్తుంది. చెవితో చదివేవాడికి, చదివి వినిపించేవాళ్ళ ప్రేమ అడ్డం వస్తుంది. నేను ఆ గదిలో ఆయన తప్పు పట్టుకుని గెలిచినదాన్ని. అయినా ఆ క్షణాన కూడా నాకు ఆయన మీద కుళ్ళే వచ్చింది. మనసు నొచ్చుకుంటుందని ఒక పేజీ దాచిపెట్టే మనిషి ఆయనకుంది. నా మనసు కోసం ఎవరూ ఎప్పుడూ ఏ పేజీ దాచలేదు.

ఆయన అరిచి గొడవ చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. "అక్కా, పుస్తకం మీ దగ్గర ఉండాదా? మీరు చదవండి. మీరైతే వదలరు" అన్నారు.

చదివాను. అక్షరం వదలకుండా చదివాను. నా గొంతు అవసరం కన్నా కాస్త పైకే లేచింది, ఏం చెయ్యను, విజయం నాది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక తెరిచి, ఒక్కసారిగా నవ్వారు.

"ముసలాయన ఎంత పని చేసినాడు చూడండక్కా! గట్టు మీద నిలబడి ఇన్న పాట తెచ్చి నాకిచ్చి పోయినాడు!"

మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. "రాసుకోండి" అన్నారు. నేను కాగితం తీసుకున్నాను. ఆయన తడుముకోకుండా చెప్పారు.

"నీళ్ళు తోడినవాళ్ళు పాడినారు. గట్టు మీద నిలబడినవాళ్ళు విన్నారు. విన్నవాళ్ళు ఇంటికి పోయి, మా పాట అని పిల్లలకు చెప్పినారు."

నా పెన్ను ఆగిపోయింది. వ్యాసమంతా కూలిపోయి, ఆయన తాత పోయి, పాట పరాయిదైపోయిన పది నిమిషాలకు, కాఫీ కూడా తాగకుండా, నోటితో అన్న మాటలు అవి. నేను జన్మంతా కూర్చున్నా అలాంటి మూడు వాక్యాలు రాయలేను. కాగితం చించి పారేయాలనిపించింది.

"మూడో వాక్యానికి మూలం ఎక్కడుంది?" అన్నాను.

"యాడుంటాది? మా ఇంట్లో జరిగిందే కదా. మూలం నేనే."

"మీరు మూలం కారు. ఎక్కడైనా అచ్చయిందా? లేదు. మొదటి రెండూ పుస్తకంలో ఉన్నాయి, ఉంచుతాను. మూడోది తీసెయ్యాలి."

సరోజిని "అయ్యో, అదే కదండీ బాగుంది" అంది. బాగుందనే కదా నా బాధ.

వరదరాజులు మాత్రం తల ఊపారు. "కొట్టేయండక్కా. అందుకే కదా మిమ్మల్ని అడిగినా."

"అందుకే అంటే?"

"అంగడికి వచ్చినోళ్ళంతా సూపరు, సూపరు అంటారు. నాకేం లాభం? మీకు నా మీద వయిత్తెరిచ్చలు." అంటే తమిళంలో కడుపుమంట. ఏ దాపరికమూ లేకుండా, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు చెప్పారు. "అంగడికి వచ్చిన రోజే తెలిసిపోయింది, మీ మొగం చూసి. కడుపుమంట ఉండేవాళ్ళయితే బాగా చూస్తారు. మీరు ఒప్పుకుంటే ఇంక ఎవడూ తప్పు పట్టలేడు, లేదా?"

కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళాను. సరోజిని వెనకే వచ్చి చక్కెర డబ్బా అందించింది.

ఏతం వ్యాసం మొదటి పేజీలోకి వచ్చింది. గుండెకాయ అనుకున్న వాక్యం పోయింది, దాని చోట ఆ రెండు వాక్యాలు నిలబడ్డాయి. చర్చా పేజీలో ఎక్కడెక్కడి వాళ్ళో రాశారు. వాళ్ళు మెచ్చుకున్నవి ఆ రెండు వాక్యాలే. నేను చించి సగం చేసినా అవి నిలబడ్డాయి. ఒకాయన చివర్లో "సరిచూసినవారికి కూడా ధన్యవాదాలు" అని రాశాడు. ఆ "కూడా" నాకు చాలా రోజులు తిండి అరగనివ్వలేదు.

బల్లకట్టు

అప్పుడు పట్టుదల వచ్చింది. నేనూ రాస్తాను, ఆయనకు కడుపు మండేలా రాస్తాను అనుకున్నాను. బల్లకట్టు మీద రాయడానికి కూర్చున్నాను. వంతెనలు లేని రోజుల్లో గోదావరి పాయల మీద మనుషుల్ని, బళ్ళని, పశువుల్ని అవతలికి చేర్చింది బల్లకట్టే. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లో ఎక్కాను. పుస్తకాలు తెప్పించాను. ప్రతి వాక్యానికీ మూలం పెట్టాను. అన్నీ పెట్టాక, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఏ పుస్తకంలోనూ లేని వాక్యం ఒకటి దానంతటదే వచ్చింది. నా చెయ్యి నేనే నమ్మలేకపోయాను. పైకి చదువుకున్నాను, ఎక్కడా తట్టుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ చదువుకున్నాను. ఉంచేశాను.

వరదరాజులు గారే సరిచూడాలని నిర్వాహకుడికి రాశాను. ఆయన్ని నేను వదిలిపెట్టలేదు కదా, ఆయనా నన్ను వదలకూడదని. ఎన్ని అభ్యంతరాలు వస్తాయో అని కాచుకుని కూర్చున్నాను. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆయన కళ్ళు మూసుకుని ఆగిపోతారనీ, ఏదో ఒకటి అనకుండా ఉండలేరనీ నాకు నమ్మకం. మర్నాటికల్లా వచ్చేసింది. "అంతా సరిగా ఉండాది. మార్చే పని లేదు. మొదటి పేజీకి పెట్టేయొచ్చు."

అంతే. అభినందనలు చెప్పినవాళ్ళు చెప్పారు. నాకు మాత్రం నెత్తిన చల్లనీళ్ళు గుమ్మరించినట్టయింది.

ఆ వారంలోనే సారంలో కూరగాయల అంగడి దగ్గర సరోజిని కనబడింది. వంకాయలు ఏరుకుంటోంది. పలకరింపులు కూడా పూర్తికానివ్వలేదు నేను.

"అమ్మాయ్, నా బల్లకట్టు వ్యాసం ఆయనకు మొత్తం చదివి వినిపించావా?"

ఆమె నొచ్చుకున్నట్టు చూసింది. "మొదటి పేరా చదివానండీ. చాలన్నారు."

"చాలా?"

"'అక్క రాసినదాంట్లో తప్పు యాడుంటాది, సరేననేసి కొట్టు' అన్నారు. మీరంటే అంత గురి అండీ ఆయనకి. అప్పుడే మోటారు కోసం ఎవరో వచ్చారు, వెళ్ళిపోయారు."

గురి! నాకు గురి ఎవడిక్కావాలి? అనుమానం కావాలి నాకు. ఒక రాత్రి నిద్రపట్టకుండా దొర్లడం కావాలి. పుస్తకాల కోసం నాలాగే తిరగడం కావాలి. ఇన్నేళ్ళు నేను ఆయన మీద పెట్టినదాంట్లో పిసరంత కూడా ఆయన దగ్గర నాకు లేదు. ఆయనకు నా మీద కడుపుమంట లేదు. పుట్టడానికి కారణమూ కనబడలేదు.

నేను ఊరుకోలేకపోయాను. అక్కడే, వంకాయల బుట్ట పక్కన నిలబడి, ఆ వాక్యం నోటితో చెప్పాను.

"'బల్లకట్టు మీద ఉన్నంతసేపు మనిషికి ఏ ఊరూ లేదు.' ఇది ఉంది నా వ్యాసంలో. మూడో పేరాలో."

సరోజిని చేతిలో వంకాయ అలాగే పట్టుకుని నిలబడింది. ఆమెదీ మా వైపే కదా, బల్లకట్టు ఎక్కిన పిల్లే. కళ్ళలో ఏదో కదిలింది. "ఎంత బాగుందండీ!" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే, నా అభ్యంతరాలు చదివి చదివి నా దగ్గరే నేర్చుకున్న అమ్మాయి కనుక, ఎంతో మర్యాదగా అడిగింది.

"దీనికి మూలం ఎక్కడుందండీ?"

ఇంటికి వచ్చి, సంచీ వంటింట్లో పడేసి, ఆ మధ్యే కొన్న కంప్యూటర్ పెట్టుకుని, ఆ వాక్యం నేనే తీసేశాను. మార్పుకు కారణం రాసే చోట "మూలం లేదు" అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.